సీసా పాల మీద పెరిగే జింక పిల్లలకు జబ్బు చేస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లి చనిపోయి, కుక్కలు తరిమి, బావిలో పడి, కంచెలో చిక్కుకుని జింక పిల్లలు మనుషుల చేతికి వస్తుంటాయి. నల్లమల, కవ్వాల అంచుల్లో ఎక్కువగా చుక్కల దుప్పి పిల్లలు, అప్పుడప్పుడు కణితి పిల్లలు దొరుకుతాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు మెట్ట పొలాల్లో దొరికేవి కృష్ణజింక పిల్లలు. శాస్త్రం ప్రకారం కృష్ణజింక వేరే కుటుంబానిది. కానీ పాలు తాగే వయసులో వీటన్నిటి అవసరాలు, వీటికి వచ్చే జబ్బులు చాలావరకు ఒకటే. బీట్ ఆఫీసర్లు, జూలో పిల్లల్ని చూసుకునే సిబ్బంది, ఊళ్లోని పశువైద్య సహాయకులు, పిల్లను అప్పగించేదాకా కాపాడాలని తాపత్రయపడే రైతులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి పిల్లను చూసి డాక్టర్ చెప్పాల్సినవి. ఇలాంటి పిల్లల్లో చాలా వాటిని పొట్టన పెట్టుకునేది క్రిమి కాదు, మనం పాలు పట్టే తీరే. అందుకే పాల గురించి ఎక్కువ రాశాను.

పొలంలో పిల్ల ఒక్కటే పడుకుని ఉంది, తల్లి కనపడటం లేదు. తెచ్చి పాలు పట్టాలా?

వద్దు. తల్లి జింక పిల్లను గడ్డిలోనో పొదలోనో పడుకోబెట్టి మేతకు వెళ్తుంది. రోజులో కొన్నిసార్లే వచ్చి పాలిచ్చి మళ్లీ దూరంగా పోతుంది. తను పక్కనే ఉంటే నక్కకో కుక్కకో పిల్ల జాడ తెలిసిపోతుందని దాని జాగ్రత్త. పిల్ల కూడా కదలకుండా, అరవకుండా నేలకు అతుక్కుని పడుకుంటుంది. అది నీరసం కాదు. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరకు రానివ్వదని చాలామంది అంటారు కానీ అందులో పెద్దగా నిజం లేదు. మనుషులు గుంపుగా చుట్టూ నిలబడితేనే తల్లి రాదు.

తెలియక ఇంటికి తెచ్చినా, పిల్ల హుషారుగా ఉంటే అదే రోజు అదే చోట వదిలేయండి. కుక్కల్ని కట్టేసి, బాగా దూరం నుంచి గమనించండి. తల్లి శవం దగ్గర్లో కనపడితే, పిల్లకు గాయం ఉంటే, ఈగలు ముసురుతుంటే, గంటల తరబడి అరుస్తూ తిరుగుతుంటే అప్పుడు దానికి మన సాయం కావాలి.

ఇంట్లోనే ఉంచి వైద్యం చేయించవచ్చా?

కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. ఏ కారణంతో చేతికి వచ్చినా 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారులకో తెలియజేయాలని 39వ సెక్షన్ చెబుతోంది. కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే అత్యంత గట్టి రక్షణ ఉన్న జాబితాలో. జాలితో చేశామన్న మాట చట్టం ముందు నిలవదు.

నా మాటగా చెప్పాలంటే 48 గంటలు కూడా ఆగొద్దు. జబ్బు పిల్లకు మొదటి కొన్ని గంటలే కీలకం. అటవీ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే వాళ్లు పశువైద్యుడిని పిలిపిస్తారు, లేదంటే హైదరాబాద్ నెహ్రూ జూకో, తిరుపతి, విశాఖ, వరంగల్ జూలకో తరలిస్తారు. 1962 నంబరు పశువుల సంచార వైద్యానిది. దారి తోచనప్పుడు దానికి ఫోన్ చేసి అడగడంలో తప్పు లేదు కానీ, పిల్ల బాధ్యత మాత్రం అటవీ శాఖదే.

చేతికి రాగానే మొట్టమొదట ఏం చేయాలి?

పాలు పట్టకండి. ముందు చీకటి, నిశ్శబ్దం. గాలి ఆడే అట్టపెట్టెలోనో చిన్న గదిలోనో గోనెసంచి పరిచి పడుకోబెట్టండి. కళ్ల మీద పల్చటి గుడ్డ కప్పితే గుండెదడ తగ్గుతుంది, ముక్కు మాత్రం మూసుకుపోకూడదు. కాళ్లు కట్టొద్దు. ఊరంతా వచ్చి నిమిరి ఫొటోలు దిగుతుంటే అదంతా పిల్లకు ప్రాణభయమే. అది కదలకుండా ఉందంటే మచ్చికైందని కాదు, భయంతో బిగుసుకుపోయిందని అర్థం.

జింక జాతికి ఈ భయం నిజంగానే ప్రాణం తీస్తుంది. కుక్కలు తరిమినా, మనుషులు వెంటపడి పట్టుకున్నా ఒంట్లో కండరాలు దెబ్బతిని, ఆ విషపదార్థాలు మూత్రపిండాలకు చేరతాయి. నడక బిగుసుకోవడం, ఒళ్లు వేడెక్కడం, మూత్రం ముదురు ఎరుపులోనో కాఫీ రంగులోనో రావడం దీని గుర్తులు. పిల్ల ఆ రోజు బాగానే కనపడి రెండు మూడు రోజుల తర్వాత కూడా చనిపోవచ్చు. డాక్టర్ సెలైన్ పెట్టి, అవసరమైన మందులిచ్చి ప్రయత్నిస్తారు కానీ ముదిరాక బతికేవి తక్కువ. రాకుండా చూసుకోవడమే ఉన్న దారి.

పిల్ల కాస్త స్థిమితపడ్డాక రెండు పనులు చేయండి. ఒకటి, బరువు. మీరు పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేయండి. అప్పుడే పుట్టిన చుక్కల దుప్పి పిల్ల సుమారు 3 కిలోలు ఉంటుంది. రెండోది, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి వేడి చూడటం. 101 నుంచి 103 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. ఈ రెండూ కాగితం మీద రాసిపెట్టండి. డాక్టర్ వచ్చాక మొదట అడిగేవి ఇవే.

ఒళ్లు చల్లబడింది, నోట్లో నిపుల్ పెట్టినా చప్పరించడం లేదు. ఎలా?

99 డిగ్రీల కంటే తక్కువ ఉన్న పిల్లకు పాలు పట్టకూడదు. ఒళ్లు చల్లబడితే పేగులు పని చేయవు. పాలు కడుపులోనే పులిసిపోతాయి, లేదా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు తడి తుడిచి ఆరబెట్టండి. గోరువెచ్చని నీళ్లు పోసిన సీసాలకు గుడ్డ చుట్టి పిల్లకు రెండు పక్కలా పెట్టండి. బల్బు వేస్తే కాస్త దూరంగా ఉండాలి. పిల్ల పక్కకు జరగడానికి చోటు కూడా ఉండాలి. అరగంటకోసారి వేడి చూడండి. ఒక్కసారిగా మంట దగ్గర పెట్టి కాచేయడం ప్రమాదం.

ఒళ్లు వెచ్చబడి, నోట్లో వేలు పెడితే చప్పరిస్తుంటే 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూన్ గ్లూకోజ్ కలిపి కొద్దికొద్దిగా పట్టండి. అది బాగా తాగిన తర్వాతే పాల సంగతి. చప్పరించని పిల్లకు నోటి ద్వారా ఏదీ పోయొద్దు. దానికి డాక్టర్ రక్తనాళంలోకి గ్లూకోజ్ ఎక్కించాలి.

ఎండాకాలంలో దీనికి సరిగ్గా ఎదురు సమస్య వస్తుంది. మధ్యాహ్నం ఆటోలోనో జీపులోనో తెచ్చిన పిల్ల నోరు తెరిచి రొప్పుతూ, వేడి 105 దాటి ఉంటే నీడలో పెట్టి, మామూలు నీళ్లతో పొట్ట, కాళ్లు తడిపి విసరండి. ఐసు వద్దు. 103కి దిగగానే తడపడం ఆపేయండి.

ఏ పాలు పట్టాలి? నీళ్లు కలపాలా?

మన దగ్గర సులభంగా దొరికి, పిల్లలకు పడేవి చిక్కటి మేకపాలు. కాచి, గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. పచ్చిపాలు పట్టొద్దు. పచ్చి ఆవుపాల వల్ల క్షయ, పచ్చి మేకపాల వల్ల బ్రుసెల్లా అనే క్రిమి సోకే అవకాశం ఉంది. క్షయ విషయంలో జింకలు చాలా సున్నితం.

నీళ్లు కలపొద్దు. చంటిపిల్లలకు పాలు పల్చన చేసే అలవాటు మన ఇళ్లలో ఉంది కాబట్టి ఇక్కడా అదే చేస్తుంటారు. జింక పాలు ఆవుపాల కంటే చాలా చిక్కన. ఆవుపాలలో వెన్న సుమారు 4 శాతం ఉంటే జింక పాలలో దానికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. నీళ్లపాలు తాగిన పిల్ల పొట్ట నిండుతుంది కానీ ఒంటికి పట్టదు. రోజూ తాగుతూనే చిక్కిపోతుంది.

పాలు మార్చేటప్పుడు మరీ జాగ్రత్త. ఉదయం మేకపాలు, సాయంత్రం ప్యాకెట్ పాలు, రేపు పాలపొడి అంటే విరేచనాలు పట్టుకోవడం ఖాయం. మార్చక తప్పకపోతే మూడు నాలుగు రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. పిల్లను అప్పగించేటప్పుడు ఇంతవరకు ఏ పాలు, ఎంత, ఎన్నిసార్లు పట్టారో చెప్పి పంపండి. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల దారి మధ్యలో పాలు మారి జబ్బుపడే పిల్లలున్నాయి.

ఎంత పట్టాలంటే, మొదటి రోజుల్లో రోజు మొత్తానికి బరువులో 10 శాతం, తర్వాత మెల్లగా 15 శాతానికి పెంచాలి. 3 కిలోల పిల్లకు రోజుకు 300 నుంచి 450 మిల్లీలీటర్లు. మొదటి వారం దీన్ని ఐదారు సార్లుగా పంచండి. అంటే ఒక్కసారికి 60 నుంచి 75 మిల్లీలీటర్లు. ఆకలితో ఇంకా కావాలని తలతో కుమ్ముతుంది. అయినా ఇవ్వొద్దు. కాస్త ఆకలి మిగిలిన పిల్ల బతుకుతుంది, కడుపు పగిలేలా తాగిన పిల్ల జబ్బుపడుతుంది.

పుట్టిన రోజే దొరికింది. ముర్రుపాలు కావాలా?

తప్పకుండా కావాలి. జబ్బుల్ని తట్టుకునే శక్తి జింక పిల్లకు పుట్టుకతో రాదు, తల్లి ముర్రుపాల నుంచే వస్తుంది. పేగులు ఆ శక్తిని పీల్చుకునేది పుట్టిన మొదటి రోజే. మొదటి 12 గంటల్లోపు ఇస్తే ఎక్కువ ఫలితం. ఊళ్లో మేకో ఆవో ఈని ఉంటే, జబ్బుల్లేని మంద నుంచి ముర్రుపాలు తెచ్చి గోరువెచ్చగా పట్టండి. వీటిని కాచకూడదు, కాస్తే జున్నవుతాయి, ఆ గుణం పోతుంది. పచ్చిపాలు వద్దన్న మాటకు ఇదొక్కటే మినహాయింపు. ముర్రుపాలు అందని పిల్ల మొదటి నెలంతా చిన్న క్రిమికి కూడా లొంగిపోతుంది. దానికి శుభ్రత రెట్టింపు ఉండాలి.

సీసా పట్టే పద్ధతి అంత ముఖ్యమా?

మిగతా అన్ని ప్రశ్నల కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. జింక నెమరు వేసే జంతువు, పొట్టలో నాలుగు గదులుంటాయి. పాలు మొదటి పెద్ద గదిలో పడకూడదు, దాన్ని దాటుకుని నేరుగా నాలుగో గదికి పోవాలి. పిల్ల మెడ పైకి చాచి చప్పరిస్తున్నప్పుడు లోపల ఒక మడత గొట్టంలా మూసుకుని పాలకు ఆ దారి ఇస్తుంది. చెంచాతో పోసినా, గిన్నెలో ముంచినా, సిరంజితో నోట్లోకి కొట్టినా ఆ దారి సరిగా మూసుకోదు. పాలు పెద్ద గదిలో పడి పులుస్తాయి. అక్కడి నుంచే ఉబ్బరం, విరేచనాలు, నీరసం మొదలవుతాయి.

పిల్లను నిలబెట్టి పట్టండి. సీసా తల్లి పొదుగు ఉండే ఎత్తులో, కాస్త ఏటవాలుగా ఉండాలి. పసిబిడ్డలా ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పట్టడం చాలా ప్రమాదం. నిపుల్ రంధ్రం చిన్నదిగా ఉండాలి. సీసా తిరగేస్తే పాలు చుక్కలుగా రాలాలి, ధార కట్టకూడదు. త్వరగా అయిపోతుందని రంధ్రం కత్తిరించి పెద్దది చేయడం వల్ల న్యుమోనియా వచ్చిన పిల్లలు ఎన్నో. పాలు 100 నుంచి 102 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. వేళలు మారకూడదు, వీలైతే పట్టే మనిషీ మారకూడదు.

సీసా, నిపుల్ వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి మరిగే నీళ్లలో వేయండి. మిగిలిన పాలు దాచి మళ్లీ పట్టొద్దు.

పాలు తాగుతోంది కానీ పేడ వేయడం లేదు, మూత్రం పోయడం లేదు.

తల్లి నాకితేనే చిన్నపిల్లకు అవి వస్తాయి. ఆ పని ఇప్పుడు మీరు చేయాలి. గోరువెచ్చని నీళ్లలో దూది తడిపి పాలు పట్టే ముందో పట్టిన వెంటనో తోక కింద, మూత్రద్వారం దగ్గర మెత్తగా, తల్లి నాలుకలా ఒకే వైపు తుడవండి. ఒకటి రెండు నిమిషాల్లో వస్తుంది. రెండు మూడు వారాలు ఇలా చేయాలి. పాలు తాగే పిల్ల పేడ పసుపు రంగులో ముద్దగా ఉండటం మామూలే. మూత్రం రోజంతా రాకపోయినా, పిల్ల ముక్కుతూ పొట్ట బిగబట్టినా డాక్టర్‌ను పిలవండి. ఆముదం లాంటివి పట్టొద్దు.

విరేచనాలు మొదలయ్యాయి. పాలు ఆపేయాలా? ఏం ఇవ్వాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ పిల్లలు పోయేదీ దీంతోనే. పిల్లను చంపేది విరేచనం కాదు, దాంతో పాటు ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. కాబట్టి క్రిమి ఏదని తేలేదాకా ఆగకుండా నీరు ఎక్కించడం మొదలుపెట్టాలి.

ముందు ఎంత నీరు పోయిందో చూడండి. మెడ మీద చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండు మూడు సెకన్లు మడతలా నిలబడితే నీరు తగ్గడం మొదలైంది, బరువులో 6 శాతం దాకా పోయి ఉంటుంది. కళ్లు లోపలికి పోయి, చిగుళ్లు జిగటగా మారి, పిల్ల నిలబడలేక తూలుతుంటే 8 శాతం. చెవులు, కాళ్లు చల్లబడి పడిపోతే 10 శాతం పైనే. ఈ చివరి దశలో నోటి ద్వారా ఏదీ పనిచేయదు, సెలైన్ ఎక్కించాల్సిందే. ఆలస్యం చేయొద్దు.

3 కిలోల పిల్లకు 8 శాతం తగ్గిందంటే 240 మిల్లీలీటర్లు పోయినట్టు. రోజువారీ అవసరం కాక, విరేచనంలో ఇంకా పోతున్నది కాక, ఇంత అదనంగా ఒక రోజులో ఇవ్వాలి. చప్పరించే పిల్లకైతే మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న ప్యాకెట్‌ను అది చెప్పిన కొలతకు సరిగ్గా, అంటే పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో కలపండి. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. కలిపింది ఒక రోజులో వాడి మిగిలింది పారబోయండి.

ఇక పాల సంగతి. ఒకటి రెండు పూటలు పాలకు బదులు ఓఆర్ఎస్ ఇవ్వవచ్చు. అంతకు మించి ఆపితే పిల్ల ఆకలితో కుంగిపోతుంది, పేగులు కోలుకోవడానికీ పాలే కావాలి. తర్వాత పాలు కొద్ది మోతాదులో ఎక్కువసార్లు పట్టి, మధ్యమధ్య ఓఆర్ఎస్ ఇవ్వండి. రెండింటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. ఓఆర్ఎస్‌ను పాలలో కలపొద్దు, పాలు కడుపులో సరిగా విరగవు.

తోక వెనక అంటుకున్న పేడ గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాయండి. చర్మం పుండుపడి ఈగలు గుడ్లు పెట్టడం ఇక్కడే మొదలవుతుంది.

కారణం ఏమిటో ఎలా తెలుస్తుంది?

పిల్ల వయసు చాలా చెబుతుంది. మొదటి మూడు నాలుగు రోజుల్లో నీళ్లలా పారితే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మీద అనుమానం. మొదటి వారం దాటి మూడో వారం వరకు రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి. ఒంట్లో వేడి, రక్తం, దుర్వాసన ఉంటే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కావచ్చు. మూడు వారాలు దాటాక జిగట, రక్తం కలిసి ముక్కుతూ వేస్తుంటే కాక్సీడియా అనే పేగుల పరాన్నజీవి. పిల్ల హుషారుగా ఉండి, వేడి మామూలుగా ఉండి, పాలు మార్చిన రోజో ఎక్కువ పట్టిన రోజో మొదలైతే అది తిండి తేడా. పరిమాణం తగ్గిస్తే సర్దుకుంటుంది.

ఇవన్నీ ఊహలే. నిర్ధారించేది పేడ పరీక్ష. మందు వేయకముందే శుభ్రమైన డబ్బీలో కాస్త పేడ తీసి, చల్లగా ఉంచి పశువుల ఆసుపత్రికి పంపండి. కాక్సీడియాకు వాడే మందు వేరు, బ్యాక్టీరియాకు వేరు. క్రిప్టోస్పోరిడియం యాంటీబయాటిక్‌లకు లొంగదు.

ఇంట్లో ఉన్న విరేచనాల మాత్ర వేయొచ్చా?

వేయొద్దు. లోపరమైడ్ లాంటివి పేగు కదలికను ఆపేస్తాయి. విరేచనం ఆగినట్టు కనపడుతుంది కానీ క్రిములు, విషం లోపలే నిలిచిపోయి పొట్ట ఉబ్బుతుంది. మనుషుల యాంటీబయాటిక్ సిరప్‌లు కూడా వద్దు. పిల్ల కడుపులో అప్పుడప్పుడే పెరుగుతున్న మంచి బ్యాక్టీరియాను అవి తుడిచేస్తాయి. యాంటీబయాటిక్ అవసరమైతే డాక్టర్ ఎక్కువగా ఇంజెక్షన్‌గానే ఇస్తారు.

ఎడమవైపు పొట్ట డోలులా ఉబ్బింది, పళ్లు నూరుతోంది.

వెంటనే పాలు ఆపండి, ఇది అత్యవసరం. ముందుకాళ్లు కాస్త ఎత్తులో ఉండేలా నిలబెట్టి ఎడమ డొక్కను మెల్లగా రుద్దండి. మెల్లగా నడిపించండి. త్రేన్పులు వస్తే ఊరట. తగ్గకపోతే డాక్టర్ మెత్తటి గొట్టం పొట్టలోకి వేసి గాలి తీస్తారు. నూనె పోయడం, సోడా పోయడం లాంటి పల్లె వైద్యాలు పెద్ద పశువుకు నప్పినా ఇంత చిన్న పిల్లకు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఉబ్బరం మళ్లీ మళ్లీ వస్తుంటే పాలు పట్టే తీరు సరిచూసుకోండి. ఇంకొకటి అడగండి: ఎవరైనా బిస్కెట్లు, అన్నం, బ్రెడ్, అరటిపండు పెట్టారా? ముద్దు కొద్దీ పెట్టే ఆ పిండి పదార్థాలు పొట్టలో యాసిడ్‌గా మారతాయి.

పాలు తాగుతూ దగ్గుతోంది, ముక్కులోంచి పాలు వస్తున్నాయి.

వెంటనే సీసా తీసేసి తల కిందికి వంచి ముక్కు తుడవండి. అదొక్కసారే అయితే రెండు రోజులు వేడి, ఊపిరి గమనిస్తే చాలు. వేడి 103 దాటినా, ఊపిరి వేగంగా పొట్ట కదిలేలా తీస్తున్నా, పాలు వద్దంటున్నా న్యుమోనియా మొదలైంది. దీనికి యాంటీబయాటిక్ తప్పనిసరి, పూర్తి రోజులు వాడాలి. పిల్ల కోలుకున్నట్టు కనపడగానే మూడో రోజే ఇంజెక్షన్ ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. పేడ, మూత్రం ఘాటు నిండిన మూసిన గదిలో ఉంచినా ఊపిరితిత్తులు పాడవుతాయి. పరుపు పొడిగా ఉండాలి, గాలి ఆడాలి, నేరుగా చలిగాలి కొట్టకూడదు.

బొడ్డు వాచింది. ఒక కాలు కుంటుతోంది కూడా.

ఈ రెండూ కలిసి వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. బొడ్డులోంచి దూరిన క్రిమి రక్తంలో కలిసి మోకాళ్లలో, మడమ కీళ్లలో చీము పట్టిస్తుంది. అది దెబ్బ తగిలి కుంటుతోందని అనుకుని నూనె మర్దనా చేస్తారు, ఈలోగా కీలు పాడైపోతుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల పిల్ల చేతికి వస్తే ఆ గంటలోనే బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచండి, రెండు మూడు రోజులు అలా చేయండి. పసుపు, బూడిద రాయొద్దు.

గాయంలో పురుగులు పడ్డాయి. సీతాఫలం ఆకు పసరు వేయొచ్చా?

మేకల కాపరులు వాడే వైద్యం అది. కానీ జింక పిల్ల గాయాన్ని నాకుతుంది, పసరు కంటికి తగిలినా నోట్లోకి పోయినా ప్రమాదం. టర్పెంటైన్ విషయమూ అంతే. సెలైన్‌తో కడుగుతూ పట్టకారుతో పురుగుల్ని ఒక్కొక్కటిగా తీయడం మంచిది. లోతుగా ఉంటే డాక్టర్ మందుతో చంపి తీస్తారు. మర్నాడు మళ్లీ చూడండి, గుడ్లు మిగిలి ఉంటాయి. చెవుల్లో, తొడల లోపల గోమార్లుంటే చేత్తో తీసేయండి. పశువుల మీద చల్లే గోమార్ల మందులో పిల్లను ముంచొద్దు. చిగుళ్లు పాలిపోయి తెల్లగా ఉంటే గోమార్లు రక్తం తాగేశాయని డాక్టర్‌కు చెప్పండి.

కుక్క కరిచిన పిల్లకు ఏం చేయాలి?

గాయాన్ని సబ్బు, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. బయట చిన్న రంధ్రమే కనపడినా లోపల కండ చితికి ఉంటుంది, కట్టు బిగించొద్దు. రేబీస్ భయం నిజమైనది. పిల్లను ఒట్టి చేతులతో పట్టుకున్నవాళ్లు, దాని లాలాజలం గాయానికి తగిలినవాళ్లు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా గురించి అడగండి. రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. ఇలాంటి పిల్లకు తరిమిన భయం వల్ల వచ్చే కండరాల జబ్బు కూడా ఉండొచ్చు, మూత్రం రంగు చూస్తూ ఉండండి.

జ్వరానికి, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు.

ఒప్పుకోవద్దు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చనిపోయాయి. కిటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో పశువులకు నిషేధించారు. అడవి జంతువు విషయంలో ఇది ఇంకా పట్టింపుగా ఉండాలి, ఎందుకంటే కళేబరం చివరికి చేరేది అడవికే. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టిన సంగతి తెలిసిన వాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. రాబందులకు హాని లేని మెలోక్సికామ్ ఉంది. అది కూడా ఒంట్లో నీరు తగ్గిన పిల్లకు ముందు నీరు ఎక్కించాకే డాక్టర్ ఇస్తారు.

మా మేకల పాకలో మేకపిల్లలతో కలిపి ఉంచవచ్చా? టీకాలు వేయించాలా?

కలపొద్దు. మేకలకు, గొర్రెలకు వచ్చే పారుడు రోగం, గాలికుంటు, నీలినాలుక జింక జాతులకూ సోకుతాయి. పాకలో మేకలు పైకి బాగానే ఉన్నా పిల్ల తట్టుకోలేదు. తిరిగి అడవికి వెళ్తే జబ్బును మందలోకి మోసుకుపోతుంది కూడా. చిటుక రోగం, ధనుర్వాతం టీకాలు ఎప్పుడు వేయాలో జూ డాక్టర్ నిర్ణయిస్తారు. జబ్బుగా ఉన్న రోజుల్లో ఏ టీకా వేయకూడదు.

పిల్ల జబ్బులు మాకూ అంటుకుంటాయా?

విరేచనాల క్రిముల్లో సాల్మొనెల్లా, క్రిప్టోస్పోరిడియం, కొన్ని రకాల ఈ.కోలై మనుషులకూ వస్తాయి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు దూరంగా ఉండాలి. పిల్ల సీసా వంటింటి సింకులో కడగొద్దు. సబ్బుతో చేతులు కడుక్కోండి. చేతులకు రాసుకునే శానిటైజర్ క్రిప్టోస్పోరిడియంను చంపదు.

ఆకులు ఎప్పుడు పెట్టాలి?

రెండో వారం నుంచి లేత ఆకులు కొరకడం మొదలుపెడుతుంది, మట్టి కూడా నాకుతుంది. కాస్త మట్టి నాకితే కంగారు పడకండి, అదేపనిగా తింటుంటే డాక్టర్‌కు చెప్పండి. రావి, మర్రి, నేరేడు లేత కొమ్మలు, కొద్దిగా లూసర్న్ గడ్డి వేలాడదీయండి. లేత జొన్న పైరు మాత్రం వద్దు. ఎండకు వాడిన జొన్న పిలకలు తిని గొడ్లు కుప్పకూలడం రైతులకు తెలిసిందే, జింక పిల్లకు ఇంకా తక్కువ మోతాదు చాలు. సుబాబుల్ ఆకు ఒక్కటే మేపొద్దు. నెమరు బాగా వేస్తూ, బరువు తగ్గకుండా ఉంటే మూడో నెలలో పాలు మెల్లగా తగ్గించవచ్చు. విరేచనాలు ఉన్న వారంలో పాలు మాన్పించే ప్రయత్నం చేయొద్దు.

కోలుకున్నాక అడవిలో వదిలేయొచ్చా? మాతోనే ఉంటానంటోంది.

సీసా పాలతో పెరిగిన పిల్లకు మనిషంటే భయం పోతుంది. కుక్కంటే కూడా భయం పోయి ఉండొచ్చు. అలాంటి దాన్ని అడవి గేటు దగ్గర దింపేస్తే ఎక్కువ రోజులు బతకదు. సొంత జాతి గుంపుతో కలిపి, మనుషుల అలికిడి తగ్గించి, నెలల మీద చేయాల్సిన పని అది. జూ, అటవీ శాఖ కలిసి నిర్ణయిస్తాయి. అందుకే మొదటి రోజు నుంచే పేరు పెట్టి పిలవడం, ముద్దు చేయడం తగ్గించండి. వీలైతే అదే వయసు ఇంకో పిల్లతో కలిపి పెంచండి. మగపిల్ల విషయంలో మరీ జాగ్రత్త. మచ్చికైన మగ జింక కొమ్ములు వచ్చాక మనిషిని తన జాతి పోటీదారుగానే చూస్తుంది, పెంచినవాళ్లనే పొడుస్తుంది. మనం చూపిన ప్రేమకు చివరికి అది జీవితాంతం ఒంటరిగా కంచెలో ఉండాల్సి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇంత చేసినా పిల్ల చనిపోయింది. ఇప్పుడేం చేయాలి?

పాతిపెట్టొద్దు, పారేయొద్దు. అటవీ శాఖకు చెప్పండి, వాళ్ల సమక్షంలో పశువైద్యుడు పోస్ట్‌మార్టం చేస్తారు. డాక్టర్ వచ్చేదాకా కళేబరాన్ని నీడలో, ఐసు మీద ఉంచండి. ఎండలో ఆరు గంటలు ఉంటే పేగుల్లో ఏమీ తేలదు. ఊపిరితిత్తుల్లో పాలు ఉన్నాయా, పెద్ద పొట్టలో పులిసిన పెరుగు ఉందా, పేగుల్లో రక్తం ఉందా అన్నది చూస్తే అదే షెడ్‌లో ఉన్న మిగతా పిల్లలకు ఏం మార్చాలో ఆ రోజే తెలుస్తుంది. పరుపు గడ్డి కాల్చేయండి. నేలను కడిగి, మరిగే నీళ్లు పోసి, కొన్నాళ్లు ఎండ తగలనివ్వండి. బ్లీచింగ్ పౌడర్ చాలా క్రిముల మీద పనిచేస్తుంది కానీ కాక్సీడియా, క్రిప్టోస్పోరిడియం గుడ్లను చంపలేదు. వాటికి వేడి, పొడిదనమే మందు. ఆ గది పూర్తిగా ఆరేదాకా కొత్త పిల్లను అందులో పెట్టకండి. పాత నిపుల్‌ పారేసి కొత్తది కొనండి.